పాత రైఫిల్: వాళ్లకి వింటేజ్, మనకి కేసు

పోస్టు పొడుగ్గా ఉంటది, ఓపికగా చదవండి. మధ్యలో కొన్ని సెక్షన్ నంబర్లు వస్తాయి, అవి మాత్రం స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

పట్నంలో ఒక పెద్ద డాక్టరో, రిటైరైన ఆఫీసరో 1960ల నాటి జర్మన్ టార్గెట్ రైఫిల్ ఒకటి సంపాదించాడనుకోండి. నూనె గుడ్డతో తుడిచి, వాల్‌నట్ కర్ర మెరిసేటట్టు చేసి ఫొటో పెడతాడు. కింద అందరూ "ఏం పీస్ సార్", "ఇట్లాంటివి ఇప్పుడెక్కడ దొరుకుతున్నాయి" అని రాస్తారు. ఆదివారం రేంజ్‌కి తీసుకెళ్లి నలభై గుండ్లు కాల్చి ఇంటికొస్తాడు. మంచి హాబీ ఉన్న మనిషి అంటారు. తప్పేం లేదు, నిజంగానే మంచి హాబీ.

అదే రైఫిల్ మీద మన గూడెంలో ఒక డిగ్రీ కుర్రాడికి మనసైందనుకోండి. వాడు మాట పూర్తి చెయ్యకముందే ఎదుటోళ్లు ఏం అడుగుతారో మీ అందరికీ తెలుసు. "ఎవరి కోసంరా?"

రైఫిల్ అదే. చట్టం అదే. అడిగే మనిషి మారాడు, అంతే. నా పోట్లాట దీని గురించే.

మీలో కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. క్యాంపులో బోర్లా పడుకుని మీరు కాల్చింది ఏంటి? పాయింట్ 22 రైఫిలే కదా. ఖాకీ బట్టలేసి, చేతికి ఇచ్చి, గురి చూసి కొట్టమన్నది ఇదే ప్రభుత్వం. బాగా కొడితే వీపు తట్టింది. ఆ పది రోజులు మీ మీద ఎవరికీ అనుమానం రాలేదు. క్యాంపు అయిపోయి, బట్టలు విప్పేసి, అదే ఆటని సొంతంగా ఆడతానంటే మాత్రం మీ ఊరి పేరు, మీ మేనమామ పేరు, మీ ఊళ్లో ఎవరెవరు కనిపించకుండా పోయారు, అన్నీ అడుగుతారు. క్లబ్బు వివరాలు, లైసెన్సు ఫారం గురించి కనుక్కుందామని నేనొక స్టేషన్‌కి వెళ్తే, అక్కడ కూర్చున్నాయన ఫారం సంగతి ఎత్తలేదు. "ముందు మీ ఊరు ఏ రేంజి కిందికొస్తదో చెప్పు" అన్నాడు. ఫారెస్టు రేంజి సంగతి ఆయన అడిగింది. షూటింగ్ రేంజి సంగతి నేను అడిగింది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

సరే, ఇప్పుడు చట్టం ఏమంటదో చూడండి. మనోళ్లకి ఎవ్వరూ చెప్పని ముక్క ఇది.

ఆయుధాల చట్టం, 1959. సెక్షన్ 13(3)(ఎ). లైసెన్సు ఇచ్చే అధికారి కొన్ని రకాలకి లైసెన్సు "ఇవ్వాలి" అని అందులో ఉంది. ఇవ్వొచ్చు అని కాదు, ఇవ్వాలి అని. అందులో రెండో రకం ఏంటంటే, కేంద్ర ప్రభుత్వం గుర్తించిన రైఫిల్ క్లబ్బులోనో సంఘంలోనో సభ్యుడైన మనిషి టార్గెట్ ప్రాక్టీసు కోసం అడిగే తుపాకీ. ఈ రకాల్లోకి రాని తుపాకీకి అయితే "సరైన కారణం ఉందని అధికారికి అనిపిస్తేనే" అనే షరతు ఉంది. గురి పోటీ కోసం అడిగే చిన్న బోరు రైఫిల్‌కి ఆ షరతు లేదు. సెక్షన్ 14లో చెప్పిన అడ్డంకులు లేకపోతే చాలు.

సెక్షన్ 14లో ఇంకో ఉపవాక్యం ఉంది, 14(2). ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు కాదనకూడదు. మళ్లీ చదవండి. పోడు పట్టా కూడా చేతికి రాని కుటుంబంలో పుట్టిన పిల్లకి కూడా ఈ వాక్యం వర్తిస్తది. ఆ తర్వాతది 14(3). కాదంటే ఎందుకు కాదన్నారో కాగితం మీద రాయాలి, అడిగితే ఆ కారణం క్లుప్తంగా ఇవ్వాలి. ప్రజా ప్రయోజనం దృష్ట్యా చెప్పలేం అనుకుంటే తప్ప. సెక్షన్ 18 కింద అప్పీలు ఉంది.

ఇంత చక్కగా రాసి ఉంటే మరి మనోళ్లు రేంజి మీద ఎందుకు కనపడరు? ఆ సెక్షన్లోనే జవాబుంది. "క్లబ్బు సభ్యుడు." తలుపుకి తాళం అక్కడుంది. భద్రాచలం ఏజెన్సీలో, పాడేరులో, ఉట్నూరులో మన పిల్ల నడిచిపోయి చేరగలిగే రైఫిల్ క్లబ్బు ఏది? హైదరాబాద్‌లో రేంజీలున్నాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ ఆ ఊళ్లోనే పెరిగాడు. ఆ ఊళ్లో పుట్టిన పిల్లకి సిటీ బస్సెక్కితే రేంజి. మన పిల్లకి రాత్రంతా బస్సు, తెల్లారి ఫీజు, ఆ తర్వాత ఉండడానికి చోటు లేదు.

ఈ ఆట మన దేశంలో ఎట్లా మొదలైందో చూస్తే ఇది ఆశ్చర్యం అనిపించదు. 1878లో, లిట్టన్ వైస్రాయ్‌గా ఉండగా ఆయుధాల చట్టం తెచ్చారు. ఈ నేల మీది మనిషి తుపాకీ పట్టాలంటే లైసెన్సు కావాలి, యూరోపియన్లకి మినహాయింపు. మరుసటి ఏడు 1879లోనే రంప పితూరి లేచింది. దాని కారణాలు వేరు: కల్లు పన్ను, ముఠాదారుల మీద జులుం, అడవి ఆంక్షలు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు తీసుకెళ్లింది. సినిమాల్లో ఆ సీను వస్తే థియేటర్లో ఈలలు. కానీ కొండ మనిషి, తుపాకీ అనే రెండు మాటలు పక్కపక్కన పడితే అధికారికి నూరేళ్ల తర్వాత కూడా ఆ రిజిస్టరే గుర్తొస్తది.

మరి ఆట ఎవరిది? జాతీయ రైఫిల్ సంఘం 1951లో పుట్టింది, లోక్‌సభ మొదటి స్పీకర్ మావలంకర్ దాని వ్యవస్థాపక అధ్యక్షుడు. ఆయన పేరు మీదే ఇప్పటికీ మావలంకర్ పోటీలు జరుగుతాయి. ఆ తొలి రోజుల్లో ప్రపంచం మెచ్చిన మన షూటరు బికనీర్ మహారాజు కర్ణీ సింగ్. ఐదు ఒలింపిక్స్ ఆడాడు, 1962 ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చాడు. గొప్ప ఆటగాడు, అందులో అనుమానం లేదు. అయితే ఆయనకి తుపాకీ కోసం ఎవరి దగ్గరికీ ఫారం పట్టుకుని పోవాల్సిన పని పడలేదు. తర్వాత సైన్యం వచ్చింది, రైల్వే వచ్చింది. 2024 పారిస్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్‌లో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలే కొల్హాపూర్ జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన రైల్వే ఉద్యోగి. అంటే పేదోడి చేతికి రైఫిల్ వచ్చిన చోటల్లా ఏదో ఒక సంస్థ దాన్ని అందించింది. కొనుక్కుని గెలిచింది తక్కువ. ఇది గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇంకోటి కూడా చెప్పాలి. కొడగులో కొడవ సమాజానికి, జమ్మా భూములున్నవాళ్లకి బ్రిటిష్ కాలం నుంచి ఆయుధాల లైసెన్సులో మినహాయింపు ఉంది, కొన్ని షరతులతో. కేంద్రం దాన్ని 2019లో మళ్లీ పొడిగించింది, 2029 దాకా. 2021లో కర్ణాటక హైకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. కైల్‌పొళ్దు పండగకి తుపాకులు పూజలో పెడతారు, కొబ్బరికాయని గురిపెట్టి కొట్టే పోటీలు పెట్టుకుంటారు. వాళ్లది తీసెయ్యమని నేననను. పక్కోడి పళ్లెంలోది లాక్కోవాలన్న బుద్ధి మనకి లేదు. నేనడిగేది ఇంతే: ఒక జాతి సంస్కృతిలో తుపాకీ ఉంటే దాన్ని గౌరవించడం ఈ రాజ్యానికి చేతనవును. చేతకాదని మనకి మాత్రం ఎందుకు చెప్తున్నారు?

ఇక పాత రైఫిల్ సంగతి. "పాతది" అనగానే మీకు తుప్పు గుర్తొస్తది. ఈ ఆటలో అట్లా కాదు.

పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా చిన్నది. గుండు సీసం, పీడనం తక్కువ. అందుకని బాగా చూసుకున్న బ్యారెల్ వేలకి వేల గుండ్లు తట్టుకుంటది, మనుషుల కంటే ఎక్కువ కాలం పనిచేస్తది. 50 మీటర్ల టార్గెట్ మీద పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్ల వెడల్పు, మన చిటికెన వేలి గోరంత. దాన్ని మళ్లీ మళ్లీ కొట్టగల రైఫిళ్లని 1950లలోనే చేశారు. జర్మనీలో అన్‌షుట్జ్ వాళ్ల మ్యాచ్ 54 అని ఒక యంత్రాంగం ఉంది. ఈ రోజు వాళ్లు అమ్మే పోటీ రైఫిళ్ల గుండెకాయ ఆ పాత డిజైన్ నుంచి వచ్చిందే. ఇంగ్లాండులో బర్మింగ్‌హామ్ బీఎస్‌ఏ వాళ్లు మార్టిని ఇంటర్నేషనల్ అని చేశారు. ఆ మార్టిని మెకానిజం మొదట యుద్ధానిది. 1879లో, అంటే మన రంప పితూరి ఏడాదే, ఆఫ్రికాలో జులూల మీద బ్రిటిష్ సైన్యం పేల్చినవి మార్టిని-హెన్రీ రైఫిళ్లు. డెబ్భై ఏళ్లకి అదే మెకానిజం కాగితం మీద గుండ్రాలు కొట్టే ఆట వస్తువైంది. ఇనుముకి జాతీ కులం లేవు పాపం.

మన దేశంలో ఇవి ఎట్లా ఉన్నాయంటే, 1980ల మధ్య నుంచి సామాన్యుడికి విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు మూసేశారు. పేరున్న షూటర్లకి మాత్రమే దారి ఉంది. అందుకని అంతకుముందు వచ్చిన రైఫిళ్లే చేతులు మారుతూ తిరుగుతున్నాయి. కొత్త మ్యాచ్ రైఫిల్ కొనాలంటే లక్షల మాట. పాతవి కూడా చౌక కాదు, ఎందుకంటే పోటీ కోసం కొనేవాడితో పాటు గోడకి అందంగా ఉంటదని కొనేవాడు కూడా పాడుకుంటాడు. ఇక్కడే నాకు కలెక్టర్ల మీద కోపం. (జిల్లా కలెక్టరు కాదు, పాత వస్తువులు పోగేసే కలెక్టర్లు. జిల్లా కలెక్టరు సంగతి కిందుంది.) పది వలయాన్ని కొట్టడానికి పుట్టిన రైఫిల్ అద్దాల బీరువాలో కూర్చుంటే అది సగం చచ్చినట్టే. గుర్రాన్ని కొని హాల్లో నిలబెట్టుకున్నట్టు.

వాళ్లకి చట్టం కూడా బాగానే సహకరిస్తది. 2019లో చట్టం సవరించినప్పుడు మనిషికి మూడు తుపాకుల పరిమితిని ఒకటి చెయ్యాలని బిల్లు పెట్టారు, చివరికి రెండు దగ్గర ఆగారు. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ షూటర్లకి సడలింపులిచ్చింది. పేరున్న షూటర్లు అదనంగా 12 దాకా ఉంచుకోవచ్చు. అదే ఉత్తర్వులో క్యూరియో కింద, అంటే పురాతన వస్తువు కింద, లెక్కకొచ్చే చిన్న ఆయుధాలని సంపాదించి దగ్గర పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని కూడా స్పష్టం చేశారు. వాడాలన్నా, మోసుకెళ్లాలన్నా మాత్రం కావాలి. మరి మన తాతలు పంటని అడవి పందుల నుంచి కాపాడుకున్న నాటు తుపాకులు? వాటికి పురాతన వస్తువన్న మర్యాద దక్కలేదు. స్టేషన్ మాల్‌ఖానాల్లో సీలు వేసి, నంబరు కట్టి, తుప్పు పట్టి ఉన్నాయి. ఒక హెచ్చరిక: ఈ క్యూరియో రూలు చూపించుకుని ఎవరూ తాత తుపాకీని గోడకి తగిలించకండి. మన ఇంట్లో దొరికితే అది క్యూరియో అవ్వదు, ఎగ్జిబిట్ అవుద్ది. వాటిని మ్యూజియంలో పెట్టించే పోరాటం వేరే ఉంది, అది వేరే పోస్టు.

ఇక్కడ మనోళ్లతోనే నాకొక గొడవ ఉంది. ఈ మాట ఎత్తితే మన పెద్దలే కొందరు "మనకి విల్లంబులు ఉన్నాయి కదా బిడ్డా, తుపాకీ ఆట మనకెందుకు" అంటారు. ప్రభుత్వం కూడా సరిగ్గా అదే అంటది. ఆదివాసీ పిల్లలు అనగానే ఆర్చరీ. 1987లో స్పెషల్ ఏరియా గేమ్స్ పేరుతో రాజస్థాన్ అడవి పల్లెల్లోంచి పిల్లల్ని ఏరినప్పుడు లింబా రామ్ దొరికాడు, మూడు ఒలింపిక్స్ ఆడాడు. మనందరికీ గర్వం. కానీ ఒక్కసారి ఆలోచించండి. "మీ తాతది విల్లు కాబట్టి నీకు విల్లు" అన్నవాడు, రేపు "మీ తాతది కూలి కాబట్టి నీకు కూలి" అనడా? గురి చూసే కన్ను, ఊపిరి బిగబట్టే ఓపిక, కదలకుండా గంటసేపు ఉండే ఒళ్లు, ఇవి మనకున్నాయని వాళ్లే పొగుడుతారు. ఆ కన్నుకి డయాప్టర్ సైటు ఇస్తే ఏం పోతది? విల్లు మన ఇష్టంతో పడదాం. వాళ్లు గీసిన గీతలో ఉండి పట్టడం నాకొద్దు.

ఇప్పుడు ఈ పోస్టులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. జాగ్రత్తగా చదవండి. రైఫిల్ మన హక్కు అన్నాను గదా అని ఎవరూ ఏజెన్సీ ఊళ్లో ఇంట్లో రైఫిల్ పెట్టుకోవద్దు. లైసెన్సు ఉన్నా వద్దు. పట్నం డాక్టరు ఇంట్లో తుపాకీ ఉంటే దొంగలకి భయం. మన ఇంట్లో ఉంటే రాత్రిపూట తలుపు తట్టేవాళ్లు రెండు వైపుల నుంచీ వస్తారు. ఒకరు "మాకివ్వు" అంటారు, ఇంకొకరు "ఎవరికిచ్చావ్" అంటారు. ఆ మధ్యలో నలిగేది మీ అమ్మా నాన్న. కాబట్టి సొంత రైఫిల్, ఇంట్లో ఇనప బీరువా, ఈ కల మనకి ఇప్పుడు కాదు. మనం అడగాల్సింది ఉమ్మడి రైఫిల్. క్రీడా పాఠశాల పేరు మీదో, జిల్లా రైఫిల్ సంఘం పేరు మీదో లైసెన్సు, తాళం వేసిన ఆయుధాల గది, రిజిస్టరు, కోచ్. పొద్దున తీసి కాల్చి, సాయంత్రం తుడిచి అప్పజెప్పడం. ఎన్‌సీసీలో చేసిందే.

ఇది గొంతెమ్మ కోరికేం కాదు. 2014 మే 25న 14 ఏళ్లు కూడా నిండని మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. చర్ల నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ కూడా ఆమెతో ఎక్కాడు. వాళ్ల బూట్లు, ఆక్సిజన్, షెర్పాల ఖర్చు ఇంటోళ్లు పెట్టుకున్నారా? గురుకుల సొసైటీ పెట్టింది. అంత ఎత్తు కొండకి పిల్లల్ని పంపగలిగిన వ్యవస్థకి, పది మీటర్ల రేంజి కట్టడం కష్టమా? కిన్నెరసానిలో మన పిల్లల క్రీడా పాఠశాల ఉంది. ఒక పొడుగాటి షెడ్డు, వెనక గుండ్లు ఆపే గోడ, నాలుగు లేన్లు. మొదలుపెట్టడానికి ఇంతే.

అది కూడా ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టమని నా సలహా. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు దాటకుండా, 20 జౌళ్ల శక్తి దాటకుండా ఉండే ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. పోటీ ఎయిర్ రైఫిళ్లు ఆ హద్దుకి చాలా కింద ఉంటాయి. 2008లో అభినవ్ బింద్రా బంగారం తెచ్చింది ఈ ఆటలోనే. పది మీటర్ల దూరంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, ఎంత చిన్నదో పెన్నుతో చుక్క పెట్టి చూసుకోండి. ఇప్పటివాళ్లు సిలిండర్లో గాలి నింపే రైఫిళ్లు వాడతారు, హాస్టల్లో ఆ సిలిండర్ ఎక్కడ నింపుతాం? పాతవాటిలో ఫైన్‌వెర్క్‌బావ్ 300 అని ఒకటుంది, 1960లలో మొదలైంది. పక్కనున్న లీవరు లాగితే లోపల స్ప్రింగు బిగుస్తది. కాల్చినప్పుడు యంత్రం మొత్తం చిన్న పట్టాల మీద వెనక్కి జారి ఆ కుదుపుని మింగేస్తది, భుజానికి తెలియదు. సిలిండర్ వద్దు, కరెంటు వద్దు. దాంతో జాతీయ ఫైనల్ గెలుస్తామని చెప్పను, మొదటి రెండేళ్లు నిలబడడం, ఊపిరి, ట్రిగ్గరు నేర్చుకోవడానికి మాత్రం ఇంతకంటే మంచి మాస్టారు లేడు. అమ్మేవాడిని లోపలి రబ్బరు బఫరు, సీళ్లు ఎప్పుడు మార్చారో అడగండి. పాతబడితే అవి పొడి పొడి అయిపోతాయి.

పిల్ల గట్టిపడ్డాక పాయింట్ 22. సొంత లైసెన్సుకి 21 ఏళ్లు నిండాలి, అది సెక్షన్ 9. అయితే 12 ఏళ్లు దాటిన పిల్లలు జూనియర్ టార్గెట్ షూటరుగా శిక్షణలో, పర్యవేక్షణ కింద కాల్చడానికి నియమాల్లో చోటుంది. కాబట్టి "చిన్నపిల్లలకి తుపాకీయా" అని ఎవరైనా అంటే నోరు మూయించడానికి రూలు మన దగ్గరుంది.

పాత పాయింట్ 22 కొనేటప్పుడు ఏం చూడాలో సంఘాలు నడిపే అన్నలు తెలుసుకోండి. కర్ర మెరుపు చూసి పడిపోవద్దు. బ్యారెల్ కొసన, గుండు బయటికొచ్చే అంచు మీద చిన్న గీత ఉన్నా గురి చెడుతుంది, లైటు పట్టి చూడండి. లోపల తుప్పు గుంటలు, ఉబ్బు ఉన్నాయా చూడండి. కర్రలో పిస్టల్ పట్టు దగ్గర సన్నని పగుళ్లు దాచిపెడతారు. అన్నిటికంటే ముఖ్యం సైట్లు. వెనకాల డయాప్టర్, ముందు గొట్టంలో పెట్టే రింగులు ఉన్నాయా? చాలా పాత రైఫిళ్లు సైట్లు పోగొట్టుకుని వస్తాయి, వాటిని వెతికి కొనడానికి ఇంకో ఖర్చు. బేరం అయ్యేముందు కాగితం మీద గుండ్లు కాల్పించి గుంపు చూడకుండా డబ్బివ్వొద్దు. రైఫిల్ మీది నంబరు, అమ్మేవాడి లైసెన్సులోని నంబరు ఒకటేనా చూడండి. ఒక్క అంకె తేడా ఉన్నా లేచి వచ్చెయ్యండి, మన మీద అనుమానానికి వాళ్లకి అంత చాలు. సొంతంగా వాడుకున్నది ఒక వ్యక్తి ఇంకొకరికి అమ్మాలంటే ముందు జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి స్టేషన్‌కో రాతపూర్వకంగా చెప్పాలి, 45 రోజులు ఆగాలి. కొనేవాళ్లకి లైసెన్సు ముందే ఉండాలి. "ముందు తీసుకెళ్లు, కాగితాలు తర్వాత చూద్దాం" అన్నవాడు పట్నపోడికి స్నేహితుడేమో గానీ మనకి కాదు.

ఇప్పుడు జిల్లా కలెక్టరు సంగతి. లైసెన్సు అధికారి ఆయనే. ఐటీడీఏ మీదా ఆయనకే అజమాయిషీ. అంటే ఒకే కుర్చీ దగ్గర మన రెండు పనులూ ఉన్నాయి. ఊరూరా యువజన సంఘాలు చెయ్యాల్సింది చెప్తాను. మీ ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి ఒక దరఖాస్తు ఇవ్వండి, ఒక కాపీ కలెక్టరుకి. అందులో మూడు అడగండి. క్రీడా పాఠశాలలో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజి. రాష్ట్ర రైఫిల్ సంఘం గుర్తింపుతో ఏజెన్సీలోనే ఒక క్లబ్బు, సభ్యత్వ ఫీజు గిరిజన సంక్షేమ శాఖ నుంచి. ఆ క్లబ్బు పేరు మీద వాడిన మంచి రైఫిళ్లు, ఆయుధాల గది, కోచ్. సంతకాలు మగపిల్లలవే కాకుండా ఆడపిల్లలవి సగం ఉండేటట్టు చూడండి. ఈ ఆటలో బలం కంటే నిలకడ ముఖ్యం, రేపు మనకి పతకం తెచ్చేది చెల్లెళ్లేనని నా నమ్మకం.

21 నిండి, ఇప్పటికే పట్నంలో చదువుతూ ఏదైనా గుర్తింపు ఉన్న క్లబ్బులో చేరగలిగినవాళ్లు ఆగొద్దు. సభ్యత్వం తీసుకోండి, భద్రతా శిక్షణ సర్టిఫికెట్ తెచ్చుకోండి, పాయింట్ 22 టార్గెట్ రైఫిల్ కోసం దరఖాస్తు పెట్టండి. రైఫిల్‌ని క్లబ్బు ఆయుధాల గదిలోనే ఉంచుతానని అందులో రాయండి. స్టేషన్ నుంచి రిపోర్టు గడువులోపు రాకపోతే దాని కోసం ఆగకుండా నిర్ణయం తీసుకునే అధికారం లైసెన్సు అధికారికి సెక్షన్ 13లోనే ఉంది, ఆ మాట కవరింగ్ లెటర్లో గుర్తుచెయ్యండి. ప్రతి కాగితానికి రసీదు అడగండి. నోటితో "కుదరదు" అంటే లేవకండి. 14(3) కింద రాసివ్వమనండి. రాసిచ్చిన కాగితం ఫొటో తీసి, మీ పేరు, ఊరు కనపడకుండా చెరిపి మాకు పంపండి. పది కాగితాలు పోగైతే వాటిని పక్కపక్కన పెట్టి, ఏ కారణం ఎన్నిసార్లు రాశారో లెక్కగట్టి, అప్పీలుకి వకీలు దగ్గరికి కలిసే వెళ్దాం.